ప్రాణబిళ్ళ

కాఫీ తాగాలని జోగినాథానికి అనిపించేలోపే సన్నని లోహపు చెయ్యి కప్పు తెచ్చి పక్కన పెట్టింది. ఇంటింటికీ 'ముందెరుక' యంత్రం వచ్చాక అంతే. మనిషి నాడీ చూపూ కనిపెట్టి, అడక్కుండానే అన్నీ అమరుస్తుంది. ఆవలిస్తే చాలు, పక్క పరిచేస్తుంది. ఇక ఒకరినొకరు ఏం కావాలని అడగడమెందుకు? భార్య శశిరేఖ పోయాక ఆ ఇంట్లో ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఇవాళ మాత్రం ఓ మనిషి వచ్చింది. పాత యంత్రాల ప్రదర్శనశాలలో పనిచేసే హైమ సంచిలోంచి మెరిసే బిళ్ళ ఒకటి తీసింది.

"ఇదేనండీ ప్రాణబిళ్ళ. కంప్యూటర్ తనంతట తాను లేవలేనప్పుడు దీంతో లేపాలి. మీ పాత కంప్యూటర్ ఈడుదే ఒకటి మా దగ్గర ఇంకా పనిచేస్తోంది. అందులోనే తయారుచేశాను."

"బాగున్నప్పుడే చేసి దాచుకోమని మా ఆవిడ చెప్పి చెప్పి అలిసిపోయిందమ్మా. రేపు చూద్దాంలే అనేవాణ్ణి."

ఆ రకం కంప్యూటర్ల తెర మీద వచ్చే మాటలన్నిటినీ ఒకప్పుడు తెలుగు చేసింది శశిరేఖే. ఆమె గొంతు రికార్డులు ఇంట్లో పాడైపోయిన ఆ కంప్యూటర్లో తప్ప మరెక్కడా లేవు. ఆయనకు ఆ గొంతు కావాలి.

బిళ్ళ పెట్టగానే నల్లటి తెర మీద అక్షరాలు వెలిగాయి.

'కంగారు పడకండి. మీరున్నారా? ఉంటే ఏదైనా మీట నొక్కండి.'

జోగినాథం తెర మీదికి వంగాడు. "అచ్చం ఆవిడ మాటే! బజారు నుంచి రాగానే ఇలాగే కేకేసేది, మీరున్నారా అని."

ఆయన వేలు ఎత్తేలోపే లోహపు చెయ్యి వచ్చి మీట నొక్కేసింది. తెర మారిపోయింది.

'లోపలి డిస్కు చదవడం కుదరలేదు. క్షమించండి.'

హైమ మళ్లీ మళ్లీ చూసింది. "ఇంక రాదండీ," అంది మెల్లగా. బిళ్ళ ఆయనకే వదిలేసి వెళ్లిపోయింది.

జోగినాథం ఏడ్చాడు. ముందెరుక చేతిరుమాలు అందించింది, దీపం తగ్గించింది, మంచినీళ్లు తెచ్చింది. ఏమైందని మాత్రం అడగలేదు. ఆయనకు ఒళ్లు మండింది. లేచి దాని ప్లగ్ పీకేశాడు. లోహపు చెయ్యి మంచినీళ్ల గ్లాసుతో అలాగే ఆగిపోయింది.

కంప్యూటర్ ఆపి, బిళ్ళతో మళ్లీ లేపాడు.

'కంగారు పడకండి. మీరున్నారా?'

"ఉన్నాను శశీ," అన్నాడు జోగినాథం.

నొక్కితే ఆ ప్రశ్న పోతుంది. మీట మీద నుంచి చెయ్యి తీసేసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.