కాశ్మీరు చూసిన అల్లుడు

త్రినాధరావు గారి ఫొటో స్టూడియోలో కాశ్మీరు ఒక గోడంత వెడల్పు ఉంటుంది. అనకాపల్లిలో కొత్తగా పెళ్లయిన ప్రతి జంటా ఆ గుడ్డ ముందు నిలబడాల్సిందే. పెళ్లికొడుకు చేతికి అరువు వాచీ, పెళ్లికూతురి చేతిలో ప్లాస్టిక్ పూలు, వెనకాల మంచు కొండ, దాని కింద సరస్సు. ఆ ఫొటో ఇంట్లో గోడకి తగిలించాక హనీమూను అయిపోయినట్టే లెక్క.

గుడ్డ మీద ఆ బొమ్మ వేసినవాడు జిలానీ. కుర్రవాడు పనిమంతుడే గాని, మంచు అన్నది కలలో కూడా చూసి ఎరగడు. కొండకి మోడల్ కావాలి గనక మార్కెట్ నుంచి ఒక బెల్లం దిమ్మ తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకున్నాడు. ఎండ పడినచోట తెల్లరంగు, నీడ పడినచోట గోధుమరంగు వేసి చేతులు దులుపుకున్నాడు. సరస్సు బోసిగా ఉందని పూడిమడక నుంచి ఫొటోకి వచ్చిన కొర్లమ్మ అంటే, ఆవిడ మొగుడు సముద్రం మీదికి వేటకెళ్లే తెప్పని జిలానీ అందులో గీసి పెట్టాడు. ఇన్నాళ్లూ ఒక్కరూ వంక పెట్టలేదు. పెట్టాలంటే అసలు కాశ్మీరు చూసినవాళ్లు ఉండాలి కదా.

వాన దంచి కొడుతున్న ఒక మధ్యాహ్నం రజియా బేగం అనే కొత్త పెళ్లికూతుర్నీ, ఆమె మొగుణ్ణీ వెంటబెట్టుకుని ఒక పిల్ల స్టూడియోకి వచ్చింది. తడిసిన గొడుగు మూల పెట్టి, ముసుగు పైకి తీసి, గుడ్డని ఈ చివరి నుంచి ఆ చివరికి చూసి పకపకా నవ్వింది.

“ఇది కాశ్మీరా, బెల్లం మార్కెట్టా?” అంది.

జిలానీకి తిక్కరేగింది. తనని ఏమన్నా పడతాడు గాని, తన బొమ్మని అంటే పడడు. “సాయంత్రం ఎండకి అక్కడ మంచు అలాగే ఉంటాది. సూసినోణ్ణి సెప్తన్నాను” అన్నాడు.

“కాశ్మీరు సూసేరా?” అని ఆ పిల్ల కళ్లు విప్పార్చింది.

ఆ కళ్లు అంత పెద్దవి కాకపోతే జిలానీ నిజం చెప్పేవాడేమో. చూశానన్నాడు. రెండు నెలలు అక్కడే ఉన్నానన్నాడు. అంతటితో నోరు మూసుకోక, మంచులో పడుకున్నానని కూడా అన్నాడు. ఫొటో అయ్యాక ఆ పిల్ల గుమ్మంలో గొడుగు తెరుస్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు తగిలి జిలానీ చేతిలో ఉన్న బ్రష్షు వెళ్లి పెళ్లికొడుకు కోటు మీద పడింది.

కోటు గొడవ సర్దుబాటు అయ్యాక త్రినాధరావు గారు ఆ పిల్లెవరో తీరిగ్గా చెప్పారు. పేరు ఖమర్‌జహాన్. శాలువాల ఖాదర్ మొహిద్దీన్ కూతురు. జిలానీ స్టూలు మీద కూలబడ్డాడు.

ఖాదర్ మొహిద్దీన్ అంటే ఊరంతటికీ కాశ్మీరు సాయిబు. వయసులో ఉండగా కాశ్మీరులో ఉండి వచ్చానని చెప్పుకుంటాడు. ఉక్కపోతకి జనం చొక్కాలు విప్పుకుని అరుగుల మీద కూర్చునే ఊళ్లో ఉన్ని శాలువాలు అమ్ముకు బతుకుతున్నాడంటే ఆ నోటికి దణ్ణం పెట్టాలి. సాయంత్రమైతే కొట్టు ముందు బెంచీలు నిండిపోతాయి. నీళ్ల మీద తేలే ఇళ్లూ, కొండ మీంచి నడిచి వచ్చే మంచూ ఆయన చెబుతుంటే, వింటున్నవాళ్లకి నిజంగానే చలేసి ఒకటీ అరా శాలువాలు కొనేసేవారు.

ఒకసారి ఎలమంచిలి నుంచి ఒక జగమొండి వర్తకుడు తన కొడుక్కి ఖమర్‌జహాన్‌ని ఇమ్మని పట్టుకు కూర్చున్నాడు. వాణ్ణి వదిలించుకోవడానికి, మంచు కొండ చూడనివాడికి నా పిల్లనివ్వనని సాయిబు పదిమందిలో అనేశాడు. వర్తకుడు వదిలాడు గాని, ఆ మాట సాయిబుని వదల్లేదు. అప్పట్నుంచీ ఆ ఇంటికి సంబంధాలు రావడమే మానేశాయి. మంచు చూసిన కుర్రాడు అనకాపల్లిలో ఎక్కడ దొరుకుతాడు?

ఇప్పుడు దొరికాడు. దొరికినవాడికి గుండెల్లో రాయి పడింది. సాయిబు ఈవేళో రేపో కబురు పెడతాడు, నిలబెట్టి కాశ్మీరు మీద ప్రశ్నలు వేస్తాడు, నలుగురిలో పరువు తీస్తాడు. కాని కబురు రాలేదు. పైగా సాయిబు స్టూడియో వీధిలో నడవడమే మానేశాడు. మసీదు దగ్గర ఎదురుపడితే ఎవరి చెప్పులో వేసుకుని మరీ పోయాడు. జిలానీ కూడా తక్కువ తినలేదు. సాయిబు గొడుగు కనిపిస్తే గుడ్డ వెనకాల దూరేవాడు. వీళ్లిద్దరికీ ఏదో పాత తగాదా ఉందని ఊళ్లోవాళ్లు తేల్చేశారు.

ఖమర్‌జహాన్ మాత్రం రజియా ఫొటోకి ఫ్రేము కట్టించాలని ఒకసారి, ఫ్రేము వంకరగా ఉందని ఒకసారి, ఉత్తపుణ్యానికి ఒకసారి వచ్చింది. వచ్చినప్పుడల్లా కొండకి ఏదో ఒక వంక పెట్టింది. ఆ వంకలు వినకపోతే జిలానీకి అన్నం సయించని రోజులు వచ్చేశాయి.

“మీ పేరు సెప్తే మా అబ్బా పక్క గదిలోకి ఎలిపోతన్నారు. ఏటి సేసేరు ఆయన్ని?” అని అడిగింది ఒకనాడు.

తానేమీ చెయ్యలేదని జిలానీ ప్రమాణం చేశాడు. అయితే ఇంటికొచ్చి అడగమంది. ఏమడగాలో చెప్పలేదు. ఇద్దరికీ అర్థమై, కాసేపు వీధిలో పడుతున్న వానని శ్రద్ధగా చూశారు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అది దారిలోనే తడిపేసుకుని, జిలానీ సాయిబు ఇంటికి వెళ్లాడు. తప్పించుకునే దారి లేక సాయిబు కూర్చోమన్నాడు. సాయిబు భార్య అమీనాబీ టీ పెట్టి పంపింది. లోపలి గుమ్మానికున్న పరదా వెనక గాజులు గలగలమన్నాయి. ఇద్దరు మగాళ్లూ చెరో కప్పూ పట్టుకుని, ఎవరు ముందు అడుగుతారోనని బిక్కచచ్చిపోయి కూర్చున్నారు.

చివరికి జిలానీయే ఆగలేకపోయాడు. అక్కడి నడిచే మంచు చెరకు గానుగలాగ చప్పుడు చేస్తుందన్నాడు. అవునవును, అదే చప్పుడన్నాడు సాయిబు. సరస్సు నీళ్లు తియ్యగా ఉంటాయన్నాడు జిలానీ. పంచదార అక్కర్లేదన్నాడు సాయిబు. జిలానీకి అనుమానం తగిలింది.

“ఆ సలికి టీ కప్పులో పోసేలోగా గడ్డకట్టేత్తాది మామూ. కొరుక్కుతినాల” అన్నాడు.

“నేను కొరికేను కదా. ఈ పన్ను అక్కడే ఇరిగింది” అని సాయిబు నోరు తెరిచి చూపించాడు.

కిందటేడు సాయిబు ఫొటోకి టచప్ చేసింది జిలానీయే. అప్పటికి ఆ పన్ను నిక్షేపంగా ఉంది. జిలానీ తలెత్తి చూశాడు, సాయిబు తల దించుకున్నాడు. ఈయన కూడా వెళ్లలేదు. ఆ సంగతి ఈ కుర్రాడికి తెలిసిపోయిందని సాయిబుకీ తెలిసిపోయింది. శాలువాతో చెమట తుడుచుకుంటూ, నీలాంటివాడే కావాలని వెతుకుతున్నాను, పిల్లనిస్తాను, మంచిరోజు చూసుకుందామని గబగబా అనేశాడు.

ఇంకేం కావాలి? జిలానీ నోరు మూసుకుంటే చాలు, ఖమర్‌జహాన్ తనదే. సరిగ్గా అప్పుడే పరదా కొంచెం తొలిగింది.

“మీరు మంచులో పడుకున్న సోటికి నన్ను కూడా తీసుకెల్తారా?” అంది ఖమర్‌జహాన్. ఆ గొంతులో ఈసారి ఎకసెక్కం లేదు.

జిలానీకి ఆ పిల్లంటే ప్రాణం. అందుకే అబద్ధం నోటికి రాలేదు.

“నేను తుని దాటలేదండీ” అన్నాడు. “మీ అబ్బా సెప్పినవన్నీ నిజాలే. నేను సెప్పినవే అబద్ధాలు. మంచు సూడనోడికి ఆయన పిల్లనివ్వరు. ఎల్లొత్తాను.”

లేచి వానలోకి దిగిపోయాడు. సాయిబు పరువు దక్కింది. పెట్టెలో పెట్టి తాళం వేసి భద్రంగా దాచుకోవచ్చు. కాని కూతురి మొహం చూశాడు. ఖమర్‌జహాన్ కళ్లనిండా నీళ్లతో నిలబడింది. సాయిబు గొడుగు లేకుండా వీధిలోకి పరిగెత్తి జిలానీ చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాడు.

“నేను ఇచ్ఛాపురం దాటలేదు బాబూ” అన్నాడు, కూతురు వినేలాగ. “శాలువాలు కలకత్తా నించి పార్సెల్లో వత్తాయి.”

ఆ ముక్క తనకి పెళ్లయిన వారానికే తెలుసునని లోపల్నుంచి అమీనాబీ అంది. సాయిబు ఆ దెబ్బ కూడా దిగమింగుకుని, అన్నమాట మాత్రం తప్పనన్నాడు. తనూ జిలానీ వెళ్లి మంచు చూసొస్తారు, తరవాతే పెళ్లి.

“మీరిద్దరే ఎల్తే నికా కూడా మీరిద్దరే సేసుకోండి అబ్బా” అంది ఖమర్‌జహాన్ కళ్లు తుడుచుకుంటూ. “ముందు నాకు పెల్లి సెయ్యండి. తరవాత అందరం ఎల్దాం.”

సాయిబు మాట తప్పాడు. పెళ్లి చేసి, ఎండాకాలం రాగానే కూతుర్నీ అల్లుణ్ణీ భార్యనీ రైలెక్కించి తనూ ఎక్కాడు. అత్తమామల్ని వెంటబెట్టుకుని హనీమూనుకి వెళ్లిన మొగాడు ఆంధ్రదేశంలో జిలానీ ఒక్కడేనని త్రినాధరావు గారు స్టేషన్లో అందరూ వినేలా అన్నారు. బెజవాడలో ఒక బండి, ఢిల్లీలో ఒక బండి మారి పఠాన్‌కోట్‌లో దిగారు. అక్కణ్ణుంచి బస్సు. అమీనాబీ ప్రతి మలుపుకీ మొగుణ్ణి తిడుతూనే ఉంది.

సరస్సు చూశారు. ఆ పైన గుర్రాల మీద కొండెక్కి, మంచు నది దగ్గర దిగారు. అది చప్పుడు చెయ్యలేదు. రెండు కొండల నడుమ తెల్లగా, అంత పెద్దదిగా అలా ఉండిపోయింది. అమీనాబీ ఒక ముక్క నోట్లో వేసుకుని పెదవి విరిచింది. సాయిబు ఒక రాతి మీద కూర్చుని చూస్తూ చూస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

జిలానీ కొండని చూసింది తక్కువ. చలికి ముక్కు ఎర్రబడి, నవ్వుతూ, జారిపోతానని తన చెయ్యి గట్టిగా పట్టుకున్న ఖమర్‌జహాన్‌ని చూశాడు. నువ్వంటే నాకు ప్రాణమని మొదటిసారి పైకి చెప్పాడు. ఆ పిల్ల దేనికీ వంక పెట్టలేదు.

ఊరికి తిరిగొచ్చిన సాయంత్రం కొట్టు ముందు బెంచీలు చాలలేదు. కాశ్మీరు ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాడు సాయిబు. ఇంకా అని అడిగారు. చాలా బాగుందన్నాడు. అంతకు మించి ఎంత లాగినా మాట రాలేదు. జనం మొహమొహాలు చూసుకుని, వీళ్లు కాశ్మీరూ వెళ్లలేదు, గీశ్మీరూ వెళ్లలేదు, రాజమండ్రిలో చుట్టాలింట్లో ఉండి వచ్చారని తేల్చుకుని వెళ్లిపోయారు.

జిలానీకి ఒళ్లు మండింది. వెళ్లి అందర్నీ నిలదీస్తానని చెప్పులు తొడుక్కుంటుంటే ఖమర్‌జహాన్ గుమ్మానికి అడ్డం నిలబడింది.

“ఊరు నమ్మితే ఎంత, నమ్మకపోతే ఎంత?” అంది. “మంచు మీద మీరు నాకో మాట సెప్పేరు. అది నేను నమ్మేను. సాలదా?”

జిలానీ చెప్పులు విప్పేశాడు.

“సాల్తాది” అన్నాడు.