గడియ పెట్టవే అమ్మా

నడికుడి దగ్గర నాపరాతి గనిలో రాళ్ళు కొట్టే ఇన్నయ్యకి ఒక్కగానొక్క కూతురు శౌరమ్మ. ఆ పిల్లదీ గనిపనే, తట్ట మోసేది. నవ్విందంటే అవతలి గట్టు దాకా వినపడేది. యుద్ధం జరుగుతున్న రోజులవి. తొలకరి పడ్డాక ఒకనాడు ఆ పిల్ల గనిలోని నీళ్ళగుంటలో శవమై తేలింది. మెడ మీద వేళ్ళ గుర్తులు.

గని ఆసామి త్రికోటేశ్వరరావు ఆమెని గుంట దాకా తరుముకుంటూ పోవడం తోటి కూలీ సుబ్బన్న కళ్ళారా చూశాడు. చూసింది చూసినట్టు పోలీసులకి చెప్పాడు. ఆసామిని పట్టుకెళ్ళి గురజాల సబ్‌జైల్లో పెట్టారు.

"మనకీ ఒక న్యాయముందిలేవే" అన్నాడు ఇన్నయ్య పెళ్ళాం మార్తమ్మతో.

ఆ మాట అన్న వారంలోనే ఆసామి బెయిలు అర్జీ కోర్టుకొచ్చింది. ఇది ఖూనీ కేసని, ఇన్‌స్పెక్టరు రిపోర్టు ఇంకా రాలేదని పోలీసు హెడ్డు మొత్తుకున్నాడు. మేజిస్ట్రేటు కాగితం మీంచి తల ఎత్తలేదు.

"కాలుజారి పడ్డదానికి ఖూనీ ఏమిటయ్యా? బెయిలిచ్చాం. వదిలెయ్యండి."

సుబ్బన్న ముందుకొచ్చాడు. "దొరా, నేను చూశా."

"నిన్నెవడు పిలిచాడు? బయటికి నడు."

ఇన్నయ్య చేతులు జోడించి, "బాబయ్యా, నా బిడ్డ మెడ మీద..." అంటుండగానే బంట్రోతు రెక్క పట్టుకుని వరండాలోకి లాగేశాడు. మెట్ల కింద హెడ్డు బీడీ ముట్టించి, గొంతు తగ్గించి అన్నాడు: "మేజిస్ట్రేటుగారు సత్తెనపల్లిలో కొత్తిల్లు కడుతున్నారు. రాయంతా ఎవడి గనిలోంచి పోతందో నీకు తెలీదా ఏంది?"

తెలుసు. ఆ బండ్లకి రాళ్ళెత్తింది తనే. కొన్ని శౌరమ్మ కూడా ఎత్తింది.

దీపాల వేళకి కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరాడు. సన్నగా జల్లు పడుతోంది. మార్తమ్మ మొగుడి మొహం చూసి, సంగటి కలుపుతున్న చెయ్యి ఆపేసింది. ఇద్దరూ గోడకి ఆనుకుని కూర్చున్నారు. గూట్లో బుడ్డి మిణుకుమిణుకుమంటోంది. కప్పలు అరుస్తున్నాయి.

ఉన్నట్టుండి కప్పల అరుపులు ఆగిపోయాయి.

ముందు వాసన వచ్చింది. గనిగుంట నీళ్ళ పాచివాసన. ఆ తర్వాత, మూలనున్న జొన్నల బాన వెనక, తడిబట్ట నేల మీద ఈడ్చిన చప్పుడు...

మార్తమ్మ చివాలున లేచింది. భయంతో కాదు. కల్లోనైనా ఒక్కసారి కనపడమ్మా అని మేరీమాతకి మొక్కని పూట లేదామెకి. "శౌరీ! వచ్చావా తల్లీ..."

బాన వెనక నించి గుసగుస.

"అమ్మా... వాణ్ణి వదిలేశారంట గదా... గడియ పెట్టవే."

ఇన్నయ్య ఒళ్ళు మంచుగడ్డయింది. చచ్చిన బిడ్డ వచ్చినందుకు కాదు... ఆ గొంతులోని వణుకుకి. చచ్చిపోయాక కూడా భయపడుతోంది.

మార్తమ్మ గడియ పెట్టింది. తలుపుకి రోకలి అడ్డం పెట్టింది. అప్పుడే దూరాన డప్పులు. ఆసామిని ఊరేగింపుగా తీసుకొస్తున్నారు. డప్పులు దగ్గరయ్యాయి... ఇంకా దగ్గరయ్యాయి... గుమ్మం ముందు ఆగాయి.

ఆసామి తలుపు మీద చేత్తో తట్టాడు.

"ఒరేయ్ ఇన్నయ్యా! జరిగిందేదో జరిగింది. రేపట్నించి పనిలోకి రారా."

ఇన్నయ్య చెయ్యి గడ్డపార మీద పడింది. రోకలి తీస్తే చాలు. ఒక్క పోటు. అడుగు వెయ్యబోయాడు... వెనక నించి చొక్కా ఎవరో పట్టుకున్నారు. చల్లటి వేళ్ళు. చిన్నప్పుడు సంతలో పట్టుకున్నట్టు, గట్టిగా.

"తియ్యొద్దు నాయనా... లోపలికొస్తాడు."

ఇన్నయ్య గడ్డపార కింద పెట్టేశాడు. నోట్లో కండువా కుక్కుకుని ఏడ్చాడు. బయట నవ్వులు... డప్పులు... దూరమైపోయాయి.

"పోయాడమ్మా. ఇంక భయం లేదు" అంది మార్తమ్మ చీకటితో. చాప పరిచింది. తన చీర కూడా దాని మీద వేసింది.

చాలాసేపటికి మళ్ళీ గుసగుస.

"అమ్మా... ఇంకో చాప వెయ్యి. ఈ పిల్ల కూడా వణుకుతోంది."

"ఏ పిల్లే?"

మార్తమ్మ పక్కనే ఇంకో చాప పరిచింది.

తెల్లారి చూస్తే రెండు చాపలూ తడిసున్నాయి. రెండోదాని మీద ఒక ఎర్రగాజు. పసిదాని చేతికి పట్టేంత. ఆ గాజు పట్టుకుని ఇన్నయ్య కూలీల గుడిసెలన్నీ తిరిగాడు. ఏ ఇంట్లోనూ పిల్లలు పోలేదు. అందరూ క్షేమమే. చివరికి సుబ్బన్న గుడిసె ముందు ఆగాడు. సుబ్బన్న కూతురు, తల్లిలేని పిల్ల, వాకిట్లో గచ్చకాయలాడుకుంటోంది. చేతుల నిండా ఎర్రగాజులు.

"ఎడంచేతి గాజొకటి ఏదమ్మా?"

"ఏమో పెదనాయనా. పొద్దున లేచేసరికి లేదు."

ఇన్నయ్య లోపలికి పోయి సుబ్బన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. "తమ్ముడా, నువ్వు నాకు సాక్ష్యం చెప్పొద్దు. ఇయ్యాలే పిల్లని తీసుకుని ఊరు దాటిపో."

"మరి శౌరమ్మ కేసు, అన్నా? నేను తప్ప చూసినోడు లేడే!"

"నా బిడ్డ పోయింది. నీ బిడ్డ ఉంది. పోరా."

పొద్దువాలక ముందే సుబ్బన్న కూతుర్ని భుజాన ఎక్కించుకుని కృష్ణ వైపు సాగిపోయాడు. ఏరు దాటితే నిజాం రాజ్యం. అక్కడికి త్రికోటేశ్వరరావు చెయ్యి అందదు. వాళ్ళు కనుమరుగయ్యే దాకా ఇన్నయ్య డొంకలోనే నిలబడ్డాడు. తన బిడ్డ కేసు ఆ మనిషితోటే నడిచిపోతోందని తెలిసీ, ఒక్కసారి కూడా వెనక్కి పిలవలేదు.

ఆ రాత్రి మార్తమ్మ ఒక్క చాపే పరిచింది.

పొద్దున లేచి చూస్తే దాని పక్కన రెండోది కూడా పరిచి ఉంది. దాని నిండా తడి ఇసక... ఏటి ఇసక.