జెల్ల ముల్లు

"ముందు ఆ వేలు నోట్లోంచి తియ్యండి!"

సుప్రియ అరుపుకి గుమ్మంలో నిలబడ్డ కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. వానలో తడిసి ముద్దయ్యాడు. బొటనవేలు మాత్రం చంటిపిల్లాడిలా నోట్లోనే ఉంది.

"జెల్ల చేప ముల్లు గుచ్చుకుందండి. విషం పీల్చేస్తున్నాను."

"పీలిస్తే విషం రాదు. మీ నోట్లో క్రిములు గాయంలోకి పోతాయి. ఇటు రండి."

భీమవరానికి పది కిలోమీటర్ల దూరంలో, రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఊరది. అక్కడి విలేజ్ క్లినిక్‌లో సుప్రియ నర్సుగా చేరి నెలైంది. తుని దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్లది.

ఆమె అతని వేలిని కొళాయి కింద పెట్టి సబ్బుతో కడిగింది. ముల్లు ముక్క లోపల విరిగి ఉందేమో చూసింది. తర్వాత ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ముంచి ఉంచమంది. కాసేపటికి నొప్పి తగ్గినట్టుంది, కుర్రాడికి మాటలొచ్చాయి.

"కట్టు కట్టరా అండీ?"

"పైకి చిన్న చుక్కే, లోపల లోతుంటుంది. బిగించి కట్టేస్తే క్రిముల్ని లోపల పెట్టి తలుపేసినట్టే. టీటీ ఎప్పుడు చేయించుకున్నారు?"

"టెన్త్‌లోనండి."

"చదువు అయ్యి ఎన్నాళ్లయింది?"

"డిగ్రీ అయ్యే ఆరేళ్లండి."

"అయితే ఇంజెక్షన్ పడాల్సిందే."

అతని మొహం పాలిపోయింది. సుప్రియకి నవ్వాగలేదు.

అతని పేరు ప్రసన్నకుమార్. చెరువులకి ఐస్ తోలే ఆటో ఉంది. తండ్రి లేడు. తల్లి నూకరత్నం బజార్లో చేపలమ్ముతుంది.

మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"ఎర్రబడిందేమో చూడండి," అంటూ వేలు చాపాడు.

"వేలు బాగానే ఉంది. ఎర్రబడింది మీ మొహం."

"దానికేం మందండీ?"

"ఇక్కడికి రావడం మానేయడం."

మానలేదు. వాన పడితే ఆటోలో బస్‌స్టాప్ దాకా దింపేవాడు. ఆర్నెల్లు తిరిగేసరికి, అతను రాని రోజు సుప్రియ రోడ్డు వైపు చూడటం మొదలుపెట్టింది. ధైర్యం చేసి తండ్రికి ఫోన్లో చెప్పింది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "కుర్రాణ్ణి ఓసారి తీసుకురా, చూస్తాను," అన్నాడు.

ఆ మాట కుమార్‌కి చెప్పింది సుప్రియ. అతను ఇంట్లో చెప్పకముందే వీళ్లిద్దరి సంగతి నూకరత్నానికి ఎవరో చేరవేశారు. ఆవిడ చేపల గంపతోనే క్లినిక్‌కి వచ్చింది.

"నర్సమ్మా, మావోడి జోలికి రాకు. మీవోళ్లు భూములున్నోళ్లు. రేపు గొడవైతే దెబ్బలు తినేది మావోడే. నాకు ఉన్నది వాడొక్కడే."

ఆ రాత్రి కుమార్ తల్లి తలమీద చెయ్యేసి, సుప్రియని ఇక కలవనని ఒట్టేశాడు. కానీ ప్రతి ఆదివారం భీమవరంలో ఓ జ్యూస్ షాపులో కలుస్తూనే ఉన్నాడు.

"ఎన్నాళ్లిలా? నేనొచ్చి మాట్లాడనా?" అనేది సుప్రియ.

"వద్దండి. అమ్మకి నేనే మెల్లగా చెబుతాను."

ఓ ఆదివారం అతను గ్లాసు ముట్టుకోలేదు. ఫోను పదేపదే చూస్తున్నాడు.

"ఏంటి అలా ఉన్నారు?"

"ఏం లేదండి. పని ఎక్కువైంది."

సోమవారం సాయంత్రం అతని ఆటో క్లినిక్ ముందు ఆగింది. వెనక నూకరత్నం జ్వరంతో వణుకుతోంది. కుడిచేతికి పాత చీర గుడ్డ బిగించి ఉంది. సుప్రియ దాన్ని కత్తిరించేసరికి పసుపూ సున్నం కలిసిన ముద్ద కింద రెండు వేళ్లు నల్లబడి కనిపించాయి. వాపు మోచేతి దాకా పాకింది.

"అమ్మా, షుగర్ ఉందా మీకు?"

"ఉందమ్మా. బిళ్లలేసుకుంటా."

సుప్రియ అంబులెన్స్ పిలిపించి, తానూ ఎక్కింది. భీమవరం ఆసుపత్రిలో డాక్టర్ అడిగాడు.

"గుచ్చుకుని ఎన్నాళ్లయింది?"

"గురువారమండి. జెల్ల ముల్లు. చిన్నదేగా అనుకున్నాను," అంది నూకరత్నం. "శనివారం నుంచీ వాచింది. ఆ పిల్ల దగ్గరకెళ్లనని నేనే మొండికేశాను."

సుప్రియ కుమార్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. వరండాలోకి వెళ్లాక అడిగింది.

"నిన్న నా ఎదురుగా కూర్చున్నప్పుడు తెలుసా మీకు?"

"తెలుసు."

"షుగర్ ఉన్న మనిషి. చెయ్యి వాచింది. అలాంటి గాయం ఏమవుతుందో మీకు నేనే చెప్పాను కదా. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు వెంటనే వచ్చేస్తారు. మనం కలుస్తున్నట్టు అమ్మకి తెలిసిపోతుంది. ఒట్టేశాను కదండీ. ఒక్కరోజు చూద్దామనుకున్నాను."

రెండు వేళ్లూ తీసేశారు. చేపలు కోసే చెయ్యి.

నెలరోజులు సుప్రియే ఆ ఇంటికి వెళ్లి డ్రెస్సింగ్ చేసింది. మొదట్లో నూకరత్నం గోడ వైపు తిరిగి పడుకునేది. రానురాను, "తిన్నావా?" అని అడగడం మొదలుపెట్టింది. కుమార్‌తో మాత్రం సుప్రియ గాయం గురించి తప్ప మరేమీ మాట్లాడలేదు.

గాయం పూర్తిగా మానిన రోజున నూకరత్నం ఎడమచేత్తో సుప్రియ చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదేనమ్మా. నిన్ను దూరం పెట్టి నా చెయ్యి నేనే పోగొట్టుకున్నాను. మా ఇంటికి కోడలిగా రా. మీవోళ్ల కాళ్లు పట్టుకునైనా నేను ఒప్పిస్తాను."

కుమార్ గుమ్మంలో నిలబడ్డాడు.

ఆదివారం సంగతి చెబితే ఈ మనిషికి ఉన్న ఒక్క కొడుకూ పోతాడు.

"మావాళ్లు ఒప్పుకోరండి," అంది సుప్రియ.

నూకరత్నం పట్టు సడలింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కులమేనా?"

సుప్రియ కుమార్ వైపు చూసింది. తన తండ్రి ఏమన్నాడో అతనికి తెలుసు. ఇప్పుడు తను చెప్పింది అబద్ధమని ఒక్క మాట అతను అంటే చాలు. మిగతాదంతా మర్చిపోవడానికి అప్పటికీ ఆమె సిద్ధంగానే ఉంది.

కుమార్ పెదవులు కదిలాయి. తల్లిని చూశాడు. తర్వాత నేల చూశాడు.

"చూశావా? నేను ముందే అన్నాను," అంది నూకరత్నం కొడుకుతో, చేదుగా. "వాళ్లంతా అంతే."

"అవునమ్మా," అన్నాడు కుమార్.

సుప్రియ కత్తెరా దూదీ సంచిలో సర్దుకుంది. దూది కట్ట కింద పడితే వంగి తీసుకుంది. "బిళ్లలు మానకండి. ఏది గుచ్చుకున్నా అదే రోజు రండి," అని నూకరత్నంతో చెప్పి, అతని పక్కనుంచే బయటికి నడిచింది.