నాలుగు వరుసల పేజీ

రెండో శనివారం కాబట్టి బడి లేదు. స్టీవెన్ వాకిట్లో బండి తుడుచుకుంటుంటే లోపల్నుంచి అమ్మ కేక వినబడింది.

"స్టీవెనూ! స్టీవెనూ!"

ఆదెమ్మ కొడుకుని ఎప్పుడూ రెండుసార్లే పిలుస్తుంది. అతని చిన్నప్పటి నుంచీ అంతే. అయినా ఈ నాలుగు రోజులుగా ఆ రెండో పిలుపు విన్నా అతనికి దిగులుగా ఉంటోంది. యెరూషలేము యాత్రకి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ అమ్మ అమ్మలా లేదు. పొద్దున్నే బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. గుడ్డ అట్ట మడతలోకి వేళ్ళు దూర్చి తడుముతుంది, తీస్తుంది, మళ్ళీ తడుముతుంది. "ఇది నాది కాదు" అంటుంది.

"మళ్ళీ మొదలెట్టావా అమ్మా?" అంటూ లోపలికి వచ్చాడు.

"నా బైబిలు పోయిందిరా. ఆ దేశంలోనే ఎక్కడో పోయింది."

"మరి నీ చేతిలో ఉన్నదేంటి? మెరూన్ వెల్వెట్ అట్ట, నువ్వు కుట్టిందేగా."

"కుట్టింది నేనే. బైబిలు నాది కాదు."

వంటింట్లోంచి సూసన్ గరిటతో సహా వచ్చింది. "నిన్న కూడా ఇదే గొడవండీ. సూట్‌కేసు సర్దింది నేనేనని, అదేదో నేనే మార్చినట్టు నా మొహంకేసి చూస్తున్నారు."

"నిన్నేమీ అనలేదమ్మాయ్. పెట్టె ఎవరు తీశారని అడిగా, అంతే."

"ఎవరు తీశారో మీకు తెలుసు అత్తయ్యా. తెలిసి అడిగారంటే అన్నట్టే."

ఆదెమ్మకి చదవటం రాదు. భర్త ఇశ్రాయేలు ఏడో తరగతి చదివాడు. సున్నపురాయి క్వారీలో పనిచేసి, ఇంటికొచ్చి స్నానం చేసి, రోజూ ఒక అధ్యాయం ఆమెకి చదివి వినిపించేవాడు. అతను పోయి ఆరేళ్ళయింది. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ స్టీవెన్‌ది. అమ్మ బైబిలు అతను ఎప్పుడూ ముట్టుకోలేదు. దానికి ఎన్ని అట్టలు మారినా, మొదటి పేజీ మడత లోపల దాగేట్టే కుట్టుకునేది ఆమె. ఆ పేజీలో నాన్న ఇంటివాళ్ళ పేర్లు రాశాడని మాత్రం అతనికి తెలుసు.

"నాలుగు వరుసలుండాలిరా. ఇందులో మూడే తగులుతున్నయ్" అంది ఆదెమ్మ. "మీ నాన్న పెన్ను నొక్కి నొక్కి రాసేవాడు. గీత దిగబడి వేలికి తెలుస్తది."

"మూడే కదమ్మా ఉండాల్సింది! మీ పెళ్ళి, నేను, చెల్లి క్రిస్టీ. నాలుగోది ఎక్కడ్నుంచి వస్తుంది?"

ఆదెమ్మ నోరు తెరిచింది. ఏదో అనబోయి, మళ్ళీ మూసుకుంది.

ఆ తడబాటు చూసేసరికి స్టీవెన్‌కి అనుమానం గట్టిపడింది. మెల్లగా చెబుదామనుకున్న మాట ఉన్నపళాన బయటికొచ్చేసింది.

"సోమవారం విజయవాడ వెళ్దాం. నరాల డాక్టరు దగ్గర టైము తీసుకున్నా."



"మతి పోయిందంటావు" అంది ఆదెమ్మ.

"నేనలా అన్లేదమ్మా."

"మీ ఆవిడ ఇందాక చెప్పిందిగా. ఇదీ అన్నట్టే."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. నీళ్ళు వెల్వెట్ మీద పడి నల్లగా మచ్చ కట్టాయి. సూసన్ గరిట కిందపెట్టి, అత్తగారి ఒళ్ళోంచి బైబిలు తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"ముందు ఆ పేజీ చదవండి. నాలుగు రోజులుగా వాదించుకుంటున్నాం, ఒక్కళ్ళం తెరిచి చూళ్ళేదు. ప్రశ్న చదవకుండా జవాబు రాయొద్దని బడిలో పిల్లలకి చెప్తారుగా మీరు!"

స్టీవెన్ మడతలోంచి పేజీ లాగాడు. మూడు వరుసలు. ఫ్రాన్సిస్, జాయిస్‌ల వివాహము. కుమారుడు బెన్ని జననము. మూడోది, ఫ్రాన్సిస్ ప్రభువునందు నిద్రించెను.

అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. "ఇది... మనది కాదమ్మా. జాయిస్ ఎవరు?"

"నందిగామ జాయిసు! యాత్రంతా నా పక్క సీటే" అంటూ ఆదెమ్మ లేచి నిలబడింది. "యొర్దాను నదిలో దిగేటప్పుడు అందరికీ తెల్ల గౌన్లిచ్చారు. బైబిళ్ళన్నీ ఒకే కుర్చీ మీద పెట్టాం."

"యాత్రకెళ్ళిన ఇరవై రెండు మందికీ ఒకే గుడ్డతో, ఇదే మడతతో అట్టలెందుకు కుట్టావమ్మా?"

"ఒకళ్ళకి ఎర్రది, ఒకళ్ళకి పచ్చది కుడితే అలుగుతారురా! నీకేం తెలుసు, చర్చిలో స్త్రీల సమాజం సంగతి?"

సూసన్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది.

యాత్రకి తీసుకెళ్ళిన పాస్టరు గారికి ఫోన్ చేసి జాయిస్ ఇంటి గుర్తులు కనుక్కున్నారు. తల్లీ కొడుకూ జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కారు. చిల్లకల్లు దాటాక స్టీవెన్ ఉండబట్టలేక అడిగాడు. "నాలుగో వరుస ఏంటమ్మా?"

"చూద్దువుగాని" అని కిటికీ వైపు తిరిగింది ఆదెమ్మ. ఆమె దాచేదేమిటో అతనికి అంతుపట్టలేదు. ఒకవేళ అక్కడ కూడా మూడే ఉంటే? ఆ ఊహకే అతనికి భయం వేసింది.

జాయిస్ గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆదెమ్మ చేతిలో ఉన్నదాన్ని చూసి, "వదినా! నాది నీ దగ్గరుందా!" అని లాక్కుని గుండెకి హత్తుకుంది. లోపలికెళ్ళి రెండోది తెచ్చింది. ఆదెమ్మ నిలబడే మడతలోకి వేళ్ళు పోనిచ్చింది. పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నేలమీదే కూలబడింది.

"మారిందని దిగిన రోజే తెలిసింది నాకు" అంది జాయిస్. "పదిమందికి ఫోన్ చేశా. నీకు మాత్రం చెయ్యలేదొదినా."

"నాకెందుకు చెయ్యలా?"

"ఎట్టా చేస్తాను? నీ కొడుకు పేరు స్టీవెనేగా. మనల్ని ఎయిర్‌పోర్టు బస్సెక్కించింది ఇతనేగా, కళ్ళారా చూశా. ఇందులో చూస్తే రెండో వరుసలోనే స్టీవెన్ చనిపోయినట్టుంది, ఇంక కిందికి చదవలా. ఇంకెవరో తల్లిదనుకున్నా."

స్టీవెన్‌కి ఆ మాట సరిగా అర్థం కాలేదు. అమ్మ పక్కనే కూర్చుని పేజీ అందుకున్నాడు. నాన్న రాత. పేర్లు లేకుండా 'మా వివాహము' అని తేదీ వేసిన వరుస కింద తన పేరు ఉంది. పక్కన పుట్టిన తేదీ, తన తేదీ కాదు, దానికి ఏడాదిన్నర ముందుది. ఆ పక్కనే చనిపోయిన తేదీ. రెంటికీ మధ్య తొమ్మిది రోజులు. దాని కింద మళ్ళీ తన పేరే, ఈసారి తన తేదీతో. ఆఖర్న క్రిస్టీ.

బతికుండగా తన చావు తేదీ చదివినట్టయి, అతను ఆ వరుస మీద వేలు పెట్టి మళ్ళీ చదివాడు.

"నీకన్నా ముందోడు" అంది ఆదెమ్మ. "తొమ్మిది రోజులే పిలిచా. ఆ పేరు నోరారా పిలవనే లేదని, నీకూ అదే పెట్టించా. పోయినోడి పేరని తెలిస్తే నువ్వు బెదురుతావని మీ నాన్న చెప్పొద్దన్నాడు. ఫోటో లేదు, కాగితం లేదు. పూడ్చిన చోట ఇప్పుడు రోడ్డేశారు. ఈ ఒక్క వరుసే ఉందిరా. ఇదీ పోతే వాడు పుట్టనట్టే."

స్టీవెన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పొద్దున్న తాను అడిగిన ప్రశ్న, ఆమె తెరిచి మూసుకున్న నోరు గుర్తొచ్చాయి. మతి లేనిదని తాను తేల్చిన మనిషి, నలభై ఏళ్ళుగా ఒక బిడ్డని వేలి కొసల మీద మోస్తోంది.

"నన్ను క్షమించమ్మా" అన్నాడు.

"అదేం వద్దులే. మీ నాన్న పోయాక ఇది ఎవరూ చదవలా నాకు. నువ్వు చదువు, విందాం."

అతను మొదట్నుంచీ చదివాడు. రెండో వరుస దగ్గర ఆగి, మళ్ళీ అందుకున్నాడు. జాయిస్ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆదెమ్మ కళ్ళు మూసుకుని ప్రతి వరుసకీ తలూపుతూ వింది.

వెనక్కి వచ్చేటప్పుడు బస్టాండులో రద్దీగా ఉంది. నీళ్ళ సీసా కొనడానికి వెళ్ళిన స్టీవెన్, డాక్టరు దగ్గర తీసుకున్న టైము వద్దని ఫోన్లో చెప్పేసి వస్తున్నాడు. జగ్గయ్యపేట బస్సు వచ్చి ఆగింది. బైబిలు చంకలో పెట్టుకుని ఆదెమ్మ జనంలోంచి కేకేసింది.

"స్టీవెనూ! స్టీవెనూ!"

రెండో పిలుపు కూడా అయ్యేదాకా ఆగి, "వస్తున్నామమ్మా!" అన్నాడతను.