సగంలో ఆపకూడని కథ

రైల్లో చచ్చిపడి ఉన్న శత్రువుల కొరియర్ కోటు జేబులో దొరికింది ఒకే ఒక్క టేపు.

"విను," అంటూ కల్నల్ లాప్షిన్ మీట నొక్కాడు.

రెండు తీగల కోముస్ మోగింది. దాని వెనకే, బండరాయి కింద నీళ్లు కదిలినట్టు, ఒక ముసలి గొంతు లేచింది. ఏజెంట్ ప్రోకోప్ కిస్కోరొవ్ ముందుకు వంగాడు. కోడ్ నేమ్ వడ్రంగిపిట్ట. వయసు నలభై మూడు. సైబీరియా కొండల్లోని షోర్ జాతి. ఆ జాతి మొత్తాన్ని ఒకచోట చేర్చినా ఒక చిన్న పట్టణం నిండదు.

ఆ కథ విని ముప్పై ఆరేళ్లయింది. తొమ్మిది కొండల అవతల పడిపోయిన వీరుణ్ణి వెతుక్కుంటూ బూడిదరంగు గుర్రం ఒక్కటే బయల్దేరుతుంది. నది ఒడ్డుకు చేరుతుంది. నీళ్లలోకి వంగుతుంది...

టేపు అక్కడ ఆగిపోయింది.

"రేపు మధ్యాహ్నం మూడున్నరకి," అన్నాడు కల్నల్, "అక్-కయా స్టేషన్ రేడియో గది నుంచి ఈ టేపు కాపీనే స్తంభాల లౌడ్‌స్పీకర్లలో వేస్తారు. జానపద కార్యక్రమమట. మూడూ నలభైకి స్పెషల్ బండి బ్రిడ్జి దాటుతుంది. ఒక పెట్టెలో రహస్య పరికరం, రెండు పెట్టెల్లో నూట నలభై మంది గని కార్మికులు. విదేశీ ముఠా కన్ను దాని మీదుంది."

"బండి ఆపేయొచ్చు కదా?"

"ఆపితే ముఠా చెదిరిపోతుంది. నాకు మనుషులు కావాలి. పాటలో కోడ్ ఉంది, పట్టుకో. అక్కడ మన మనిషి వెరోనికా ఉంటుంది." కల్నల్ తలెత్తాడు. "ఈ కథ నీకు తెలుసా?"

"తెలీదు, కామ్రేడ్ కల్నల్."

అతని ఫైల్లో కూడా అదే ఉంది: తండ్రి గురించి జ్ఞాపకాలేమీ లేవు.

అబద్ధం. 1938 చలికాలంలో ఇదే రహస్య పోలీసు ఆఫీసు మనుషులు గుడిసెలోకి వచ్చినప్పుడు అతని తండ్రి చెబుతున్నది ఈ కథే. కథ చెప్పే కైచి మొదలుపెట్టినదాన్ని సగంలో ఆపకూడదు. ఆపితే వీరుడు అక్కడే చిక్కుబడిపోతాడు, చెప్పినవాడి ఆయుష్షు తరిగిపోతుంది. "ముగించనివ్వండయ్యా," అని తండ్రి అడిగాడు. కథ అప్పటికి గుర్రం నీళ్లలోకి వంగేదాకా వచ్చింది. ముగించనివ్వలేదు. చేతులు కట్టి, మంచు మీద జారే స్లెడ్జిబండిలో పడేశారు. ఏడేళ్ల ప్రోకోప్ బండి వెనకాలే నది మలుపుదాకా పరిగెత్తాడు. ఆ మలుపు దగ్గర ఏం విన్నాడో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మూడుంపావుకి రేడియో మెకానిక్ వేషంలో అక్-కయాలో దిగాడు. రేడియో గది తలుపు తీసిన మనిషి తెల్ల నక్కతోలు టోపీలో ఉంది. మంచులో ఆ పెదాల ఎరుపు ఒక్కటే రంగు.

"తల్కన్ పిండి ఉందా, తమ్ముడూ?"

"ఉంది. తేనే అయిపోయింది."

కోడ్ కలిసింది. వెరోనికా నవ్వి లోపలికి రానిచ్చింది. కిటికీలోంచి బ్రిడ్జి పూర్తిగా కనబడుతోంది. మూడున్నరకి టేపు తిరగడం మొదలైంది. బయట స్తంభం తర్వాత స్తంభం అదే గొంతును అందుకుంది. చచ్చినవాడెవడో ఊరు ఊరంతా తిరుగుతూ పిలుస్తున్నట్టుంది.

ఆమె సిగరెట్ తీసింది. అతను వంగి వెలిగించాడు.

"ఎవరు పాడారిది?"

"ఇక్కడి ముసలాయనే ఎవరో. పేరు మర్చిపోయా."

"సగమే ఉందేం?"

"రేడియోకి సగం చాల్లే. నాకు టైమ్ అయిపోతోందన్నాను. ఆపేశాడు."

ఆపేశాడు. ఆ మాట ప్రోకోప్‌కి ముల్లులా గుచ్చుకుంది. దొరసాని గడియారం చూసిందని కథ ఆపేసే కైచి ఈ కొండల్లో పుట్టలేదు. అక్కడ ఆగాడంటే, అంతవరకే తెలుసన్నమాట. అంతవరకే విన్నవాళ్లు ఆనాటి గుడిసెలో ఉన్నవాళ్లు. వాళ్లలో కోముస్ పట్టినవాడు ఒక్కడే: తండ్రి శిష్యుడు అపనాస్. యుద్ధానికి వెళ్లాడు. తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు.

వెరోనికా చూపు కిటికీ మీదుంది. చెయ్యి టేపు మీట మీదుంది.

పాటలో కోడ్ లేదు. పాట ఆగడమే కోడ్.

"అపనాస్ ఎక్కడ?"

"అబ్బో, తెలివైనవాడివే!" ఆమె రెండో చేత్తో హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. "బ్రిడ్జి కింద గుంటలో. అక్కడికి బండి కనబడదు, పాట వినబడుతుంది. ఆగాక మూడు ఊపిర్లు చూసి పేలుడు మీట నొక్కుతాడు. కరెంటు పోయి ఆగిందేమో, తిరిగొస్తుందేమోనని ఆ మూడు."

"లిప్‌స్టిక్ కోసం వెతక్కండి. నా జేబులో ఉంది. ఇందాక సిగరెట్ వెలిగించేటప్పుడు తీశా. ఒక్క తూటానే పడుతుందట కదా అందులో?"

ఆమె చెయ్యి బ్యాగ్‌లోంచి ఖాళీగా బయటికొచ్చింది. కానీ ఇంజిన్ బ్రిడ్జి ఎక్కింది. పాటలో గుర్రం నీళ్లలోకి వంగుతుండగా మీట కిందికి దిగింది.

స్తంభాలన్నీ ఒక్కసారిగా మూగబోయాయి.

ఒక ఊపిరి. ప్రోకోప్ మైకు లాక్కున్నాడు. వద్దని అరవాలా? గురువును ఎత్తుకుపోయిన ఆఫీసు మాట ఆ ముసలాడు వింటాడా? పైగా తను నోరు తెరిస్తే ఫైల్లో రాసినదంతా అబద్ధమని ఊరంతా వింటుంది.

రెండో ఊపిరి.

తీగల్లేవు. కైచి గొంతుతో ఏనాడూ పాడి ఎరగడు. అయినా గొంతు అడుగు నుంచి లాగాడు.

"వంగి చూసింది గుర్రం. నీళ్లలో తన నీడ లేదు. వీరుడి నీడ ఉంది..."

బ్రిడ్జి పేలలేదు. చక్రాల చప్పుడు ఒక్కొక్క పెట్టే దాటుకుంటూ అవతలి ఒడ్డుకు చేరింది.

"బండి పోయిందిగా! ఇంకా ఎందుకు?" అంది వెరోనికా. అతను పాడుతూనే ఉన్నాడు. ఆమె టోపీ సర్దుకుంది, చేతి తొడుగులు వేసుకుంది, తలుపు తీసుకుని వెళ్లిపోయింది. చూస్తూనే ఉన్నాడు. లేస్తే కథ ఆగిపోతుంది.

ఇరవై నిమిషాల తర్వాత గుర్రం వీరుణ్ణి ఇంటికి చేర్చింది.

తలుపు మళ్లీ తెరుచుకుంది. మోకాళ్లదాకా మంచుతో ఒక ముసలాయన. చంకలో పేలుడు మీట పెట్టె, దాని వెనక తెగిన వైర్లు.

"ఏరా, నువ్వు ఆయన కొడుకువి కదూ?"

"అవును, అపనాస్ మామా."

"గొంతు మేకపోతులా ఉందిరా."

"మొదటిసారి కదా, మామా."

"చివర ఎక్కడ విన్నావ్? గుడిసెలో మేమందరం ఉన్నాం. ఒక్కళ్లమూ వినలేదు."

"బండిలో పాడుతూనే ఉన్నాడు. వెనకాల పరిగెత్తాను. నది మలుపు దగ్గర ముగించాడు."

అపనాస్ పెట్టెను నేల మీద మెల్లగా దించాడు, నిద్రపోయిన పసిపిల్లను దించినట్టు.

"ముగించాడా! ముప్పై ఆరేళ్లుగా ఆ గుర్రం నా గుండెల మీదే నిలబడి ఉందిరా, అబ్బాయ్. నీళ్లు తాగదు, కదలదు." కుర్చీలో కూలబడ్డాడు. "టీ పోయ్. తర్వాత సంకెళ్లు వేద్దువుగాని."

ప్రోకోప్ జరిగినదంతా ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాడు. ఇద్దరూ టీ తాగారు. ఫోన్ మోగింది.

"వెరోనికా జారిపోయింది!" కల్నల్ అరుస్తున్నాడు. "కళ్లెదుటే పోతుంటే పాట పాడుతూ కూచున్నావా? అసలు ఆ కథ నీకు తెలీదన్నావ్! నువ్వు పాడిన ముగింపే నిజమని సాక్ష్యం ఏమిటి?"

ప్రోకోప్ రిసీవర్ చేయి మార్చుకున్నాడు.

"సాక్షులు మన దగ్గరే ఉన్నారు, కామ్రేడ్ కల్నల్. ఆ రోజు బండి తోలింది మన ఆఫీసు వాళ్లే. వాళ్లూ చివరిదాకా విన్నారు."