ఏడాదికి ఒక మిరియం

మా లండన్‌లో ఫ్లాటు కొనడమంటే గోడలు కొనడం కాదు, ఏళ్లు కొనడం. ఆ ఏళ్లు అయిపోతే ఇల్లు తిరిగి భూమి యజమానిదే. పై అంతస్తులోని మా ఫ్లాటుకు అరవై ఒక్క ఏళ్లే మిగిలాయి. అలాంటిదాన్ని ఎవరూ కొనరు, కొందామన్నా బ్యాంకులు అప్పివ్వవు. నా భార్య హిలరీకి మోకాళ్లు అరిగిపోయాయి. నలభై రెండు మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఏడ్చేసేది. లీజు పొడిగించుకుని, ఆ ఫ్లాటు అమ్మితే తప్ప మెట్లు లేని ఇంటికి మారే దారి లేదు.

యజమాని ప్రూయెట్ కింది అంతస్తులోనే ఉండేవాడు. ఎనభై దాటినా పట్టుకున్నాడంటే ఉడుం పట్టే. మేం అడిగితే ఇంకో తొంభై ఏళ్లు ఇవ్వాలని చట్టం ఉన్నా, రెండేళ్లు అడుగడుగునా అడ్డుపడ్డాడు. చివరికి ఓడిపోయాడు. కొత్త లీజులో అద్దె ఏడాదికి ఒక మిరియం గింజ, అదీ యజమాని అడిగితేనే. ఏదో ఒక అద్దె ఉండాలి కాబట్టి పత్రాల్లో రాసే పాతకాలపు మాట అది. నేనెరిగి ఇచ్చినవాళ్లు లేరు, అడిగినవాళ్లు లేరు.

సంతకాలైన సాయంత్రం ముసలాడు పై మెట్టు దగ్గర కాపు కాశాడు. లీజు హిలరీ పేరు మీద ఉంది. ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు.

"ఏం మహారాణీ, నా ఇల్లు నాకు కాకుండా చేశావుగా? మిరియం మాత్రం వదలను. ఏటా వచ్చి అడుగుతా."

"చెయ్యి వదలండి, నొప్పిగా ఉంది," అంది హిలరీ.

వదల్లేదు. మణికట్టులో ఏదో పటుక్కుమంది. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు చేతులా తోసేశాను. మెట్లన్నీ దొర్లుకుంటూ పోయాడు. అట్టడుగున ఇనుప కమ్మీకి తగిలి తల కొబ్బరికాయలా పగిలింది. కాలు జారి పడ్డాడని పోలీసులకు చెప్పాం, నమ్మారు. నిజం చెప్పాలంటే నాకు జాలి కూడా వెయ్యలేదు. ఆయన పోవడంతో కాగితాలు ఆగిపోయి అమ్మకం వెనక్కి పడిందన్నదే నా బాధంతా.

మార్చి ఇరవై అయిదు వచ్చింది. ఈ దేశంలో అద్దెలు కట్టడానికి వెనకటి నుంచీ ఉన్న రోజు. ఉదయం తొమ్మిదయింది, ఎండ బాగానే ఉంది. టోస్టు కాస్త మాడింది. ఆ మాడు వాసన వెనక ఇంకేదో వాసన... తడిమట్టి, తుప్పు. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఆగి పైకి వస్తోంది. తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

హిలరీ తెరిచింది.

ప్రూయెట్. తల ఒకవైపు లోపలికి దిగిపోయి ఉంది. అరచెయ్యి చాచాడు.

"మిరియం," అన్నాడు గుసగుసగా.

నేను వంటగదిలోకి పరుగెత్తి అరలన్నీ లాగి పారేశాను. మా ఇళ్లలో గింజలెక్కడివి? మా అమ్మ కాలం నుంచీ తెల్లమిరియాల పొడి డబ్బాయే, ఉడికిన గుడ్డు మీద చల్లుకోవడానికి. దాన్నే తెచ్చి ఆయన చేతిలో కుమ్మరించాను. ఉఫ్‌మని ఊదేశాడు.

"గింజ అని రాశారు."

హిలరీ దవడ పట్టుకుని ఆమె తల గోడకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నేను కుర్చీ ఎత్తి ఆయన వీపు మీద బాదాను. కుర్చీ విరిగింది. ఆయన కదల్లేదు. రెండు వేళ్లు ఆమె నోట్లో దూర్చాడు... తిప్పాడు... లాగాడు. పన్నును వెలుగులో పట్టి చూసుకుని జేబులో వేసుకున్నాడు. వచ్చినట్టే మెట్లు దిగి వెళ్లిపోయాడు. గోడ మీది రక్తం నేను సాయంత్రం దాకా కడుగుతూనే ఉన్నాను.

వేసవిలో ఫ్లాటు అమ్ముడుపోయింది. సముద్రం పక్కన విట్‌స్టబుల్‌లో చిన్న ఇల్లు కొన్నాం. నేలా గోడలూ అన్నీ మావే. లీజు లేదు, యజమాని లేడు, ఇంటి మొత్తం మీద ఒక్క మెట్టు లేదు. హిలరీ మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది, నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని.

ఫ్లాటు కొన్న నర్సు చేతిలో మిరియాల పొట్లం పెట్టి, మార్చి ఇరవై అయిదున ఒక గింజ గుమ్మంలో ఉంచమని చెప్పాను. ఆ రోజు రాగానే ఫోన్ చేశాను. తొమ్మిది దాటినా ఎవరూ రాలేదని, గింజ అక్కడే ఉందని, నాకు పిచ్చి పట్టిందని ఆమె నవ్వింది. ప్రాణం కుదుటపడి ఫోన్ పెట్టేశాను.

మా తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

గింజలు నా దగ్గరా ఉన్నాయి. ఒకటి తీసి, తలుపులో ఉత్తరాలు వేసే కంతలోంచి బయటికి తోశాను. అది వెనక్కి వచ్చి నా పాదాల దగ్గర పడింది. గుప్పెడు తోశాను. ఒక్కొక్కటిగా అన్నీ వెనక్కి వచ్చాయి... వాటి వెనకే హిలరీ పన్ను.

"అద్దె కోసం రాలేదు, నెవిల్," అని వినిపించింది అవతలి నుంచి.

పారిపోదామని వెనక్కి తిరిగాను. హాలు లేదు. నా కాలివేళ్ల ముందు మెట్లు... కిందికి, నలభై రెండు. అట్టడుగున ఇనుప కమ్మీ.

నా వీపు మీద రెండు అరచేతులు ఆనాయి.

ఇది మీకు చెబుతున్నప్పుడు కూడా అక్కడే ఉన్నాయి. ఇంకా తొయ్యలేదు.