పదకొండుమంది తప్పిన పరీక్ష

ఆ పొద్దున ఇల్లంతా ఒక్క బొత్తాం కోసం ఆగిపోయింది. బస్సు కండక్టరైన నాన్న బనీనుతో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఆయన యూనిఫాం చొక్కా అత్త ఒళ్లో ఉంది. అత్తంటే ఆయన అక్కే. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని ఆ వీధివాళ్లందరికీ బట్టలు కుట్టే మనిషి. అమ్మ ఆస్పత్రిలో నర్సు, తెల్లారకముందే డ్యూటీకి వెళ్లిపోయింది.

ఇదే అదను అనుకుంది పదో తరగతి పాసైన కూతురు. చొక్కా లేని కండక్టరు ఎక్కడికి పోతాడు? పై తరగతిలో చేరే ఫారం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇవాళే ఆఖరు నాన్నా. ఫిజిక్సు దగ్గర టిక్కు పెట్టాను. నువ్వు సంతకం పెడితే చాలు."

పెన్ను కోసం నాన్న జేబు తడుముకోబోయాడు. బనీనుకి జేబేదీ? అలవాటుగా, పక్కనే పేపరు చదువుతున్న తల్లివైపు చూశాడు. నలభై అయిదేళ్లొచ్చినా ఆవిడని అడక్కుండా చెప్పులు కూడా కొనుక్కోని మనిషాయన. పైగా ఆవిడ, ఇప్పుడు మనవరాలు చదివే ఆడపిల్లల బళ్లోనే ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన టీచరాయె. ఆ ఇంట్లో చదువుల సంగతి తేల్చేది ఆవిడే.

"వద్దు. కామర్సు రాయించు," అంది నానమ్మ, పేపర్లోంచి తలెత్తకుండా.

"మా బళ్లో ఫిజిక్సు ముప్పై రెండేళ్ల తర్వాత మళ్లీ పెడుతున్నారు నానమ్మా. కనీసం పదిమంది ఉండాలిట. నాతో కలిపితేనే పదిమంది."

"అప్పుడు పదకొండుమంది చేరారు. ఒక్కత్తీ గట్టెక్కలేదు. వాళ్లలో ఒకత్తి ఇదిగో, నీ ఎదురుగానే ఉంది."

అత్త సూది ఆగలేదు. "నా బుర్రకి అదెక్కలేదులేవే," అంది నవ్వుతూ. "కత్తెర పట్టుకునే రకం నేను."

ఈ మాట అత్త ఎన్నిసార్లు అందో లెక్కలేదు. అన్నప్పుడల్లా అందరూ నవ్వేవాళ్లు. ఈసారి మేనకోడలు నవ్వలేదు.

"బడి మొదలైన దగ్గర్నుంచీ ఆడపిల్లలకి సైన్సు ఎలా చెప్పారో చార్టు రాయమంది మా మేడం. పాత ఫైళ్లన్నీ తిరగేశాను. మొదట్లో కుట్లూ, వంటా, పిల్లల పెంపకమూ. వాటికే సైన్సని పేరు. తర్వాత మొక్కలూ పువ్వులూ. ఫిజిక్సు రావడానికి నలభై ఏళ్లు పట్టింది. వచ్చిన ఏడాదే తీసేశారు. ఎవరు తీయించారో తెలుసా అత్తా?"

నానమ్మ పేపరు మడిచింది. "నిన్నెవరే ఆ ఫైళ్లు చూడమంది?"

"'ఈ శాస్త్రం బాలికలకు పట్టుబడదు కనుక తొలగించ ప్రార్థన.' కింద నీ సంతకం ఉంది నానమ్మా."

నాన్న గడియారం చూడడం మానేశాడు.

"అవును, రాశాను," అంది నానమ్మ కోపంగా. "పదకొండుమంది నా ముందు నిలబడి ఏడుస్తుంటే చూడలేక రాశాను. మళ్లీ ఏ పిల్లకీ ఆ ఏడుపు రాకూడదని రాశాను. తప్పా?"

"రాసే పరీక్షలో అందరికీ మంచి మార్కులే. ప్రాక్టికల్లోనే పదకొండుమందీ తప్పారు. అదెలా?"

దానికి అత్త జవాబు చెప్పింది, సూది గుచ్చిన చోటే వదిలేసి.

"పరీక్ష మగపిల్లల బళ్లో పెట్టారే. నా వంతుకి వెర్నియర్ వచ్చింది. దాంతో గోళీ ఎంత లావుందో కొలవాలి. దాని బొమ్మయితే కళ్లు మూసుకుని గీస్తాను. భాగాల పేర్లు ఇప్పటికీ అప్పజెప్తాను. చేతికిస్తే మాత్రం ఏ వైపు పట్టుకోవాలో తెలీలేదు. ఆ మాస్టారు నవ్వి, ఇంటికెళ్లి కుట్లు నేర్చుకోమ్మా అన్నాడు. వచ్చి నేర్చుకున్నాను."

"మన బళ్లో లేదా అది?"

"లేకేం. అద్దాల బీరువాలో ఉండేది. తాళం అమ్మ దగ్గర. ముట్టుకుంటే పగులుతాయని దేన్నీ బయటికి తీసేది కాదు."

"వెర్నియర్ స్టీలుది కదత్తా. కిందపడేసినా పగలదు."

అత్త తల్లివైపు చూసింది. ఇన్నేళ్లలో ఈ చిన్న సంగతి తనకి తట్టనేలేదు. నానమ్మ కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడవసాగింది. ఎంతసేపు తుడిచినా మళ్లీ పెట్టుకోలేదు.

"పగులుతాయని కాదు," అంది చివరికి. "నాకు రాదు. నా చదువులో నాకూ బొమ్మలే చూపించారు. బొమ్మలు గీసే పాసయ్యాను, బొమ్మలు గీసే పాఠం చెప్పాను. బీరువా తీస్తే ఎలా పట్టుకోవాలి టీచర్ అని ఎవరో ఒకత్తి అడుగుతుంది. ఏం చెప్పను? ఆ మగపిల్లల బడి మాస్టార్ని అడగడానికి నామోషీ వేసింది. మీరు తప్పి వచ్చాక చెప్పడానికి నోరు రాలేదు. మీకే పట్టుబడదని రాసేశాను. రాసి రాసి, నేనూ నమ్మేశాను."

"నాకు బుర్ర లేదనుకున్నానమ్మా," అంది అత్త. "ఇన్నేళ్లూ అదే చెప్పుకుని నవ్వాను. నువ్వూ నవ్వావు."

"నీకేం తక్కువే? తప్పు నాది. నాదే."

ఎవరి ముందూ ఏనాడూ తప్పొప్పుకోని ఆ టీచరమ్మ కొడుకు ముందూ మనవరాలి ముందూ భోరుమంది. అత్త ఓదార్చలేదు. బొత్తాం కుట్టడం ముగించి, దారం తెంపి, చొక్కా తమ్ముడి భుజం మీద పడేసింది. "సంతకం పెట్టరా," అంది. పెన్ను మాత్రం నానమ్మే వెతికి ఇచ్చింది. నాన్న ఈసారి ఎవరివైపూ చూడకుండా సంతకం పెట్టాడు. తండ్రీకూతుళ్లు గబగబా వీధిలోకి దిగారు.

తల్లీకూతుళ్లిద్దరే మిగిలారు. అత్త వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఆవిడ చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"నాకూ రాదని అప్పుడే ఒక్క మాట అనుంటే సరిపోయేది కదమ్మా," అంది మెల్లగా. "ఇద్దరం కలిసి నేర్చుకునేవాళ్లం."